ఆరుగురు పిల్లల తల్లిగా ఒక్క పూట

ఒక అబద్ధం, ఒక ఇత్తడి మరచెంబు, ఒక చేపలమ్మే మనిషి ఒకే వసారాలో కలిస్తే ఎంత అనర్థం జరుగుతుందో తెలుసుకోదలచినవారు ఈ నాలుగు ముక్కలూ చదవవచ్చు. మునిగింది నా ఒక్కదాని పరువే అయితే హాయిగా నవ్వుకుందును. నేను ముంచింది మా తోడికోడలిని. అందుకే ఈ కథ నవ్వుతూ మొదలుపెడతాను కాని, నవ్వుతూ ముగించడం ఇంతవరకు చేతకాలేదు.

మా తోడికోడలు మాణిక్యమ్మక్కయ్యకు తొమ్మిదేళ్ళలో ఆరుగురు పిల్లలు. నేను కాపురానికి వచ్చి అయిదేళ్ళయినా ఒక్కరూ లేరు. దేవుడు ఒక్క విస్తట్లోనే అంతా వడ్డించేశాడని మా అత్తగారు నిట్టూర్చేవారు. ఆ వడ్డన మొయ్యలేక అక్కయ్య ఎండిన తాటాకులా అయిపోయింది. ఆరో కాన్పు అయ్యాక మంత్రసాని గుమ్మం దగ్గర నాతో మెల్లిగా అంది: "ఈవిడకి ఇంకో కాన్పొస్తే నన్ను పిలవకండమ్మా. నేను చూళ్ళేను." ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఒకనాడు బియ్యం చెరుగుతూ అక్కయ్య అంది: "చెల్లీ, నీకు చదువొచ్చు కదా, చెప్పు. సర్కారువారు జ్వరానికి మందు ఊరికే ఇస్తన్నారు. మశూచి రాకుండా ఇంటికొచ్చి మరీ టీకా పొడుస్తన్నారు. రెండు మూడేళ్ళు కడుపు రాకుండా ఓ మందిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"ఉంటే ఇస్తారేమో అక్కయ్యా."

"గోదారికి ఆనకట్ట కట్టినోళ్ళకి ఇదో లెక్కా?"

నిజమే కదా అనిపించింది. మా నాన్నగారు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి చదివించారు. ఆయన పుణ్యాన భాగవతం నుంచి పంచాంగం దాకా చదవగలను. సర్కారు దగ్గర ఏ మందు ఉంటుందో, ఏది ఉండదో చెప్పే పుస్తకం మాత్రం మా ఇంట్లో లేదు.

రోగి స్వయంగా వస్తేనే రాజమహేంద్రవరం ఆడవాళ్ళ ఆస్పత్రిలో మందిస్తారని టీకాలు వేసే ఆయన చెప్పగా విన్నాం. అక్కయ్యకు కదిలే వీలు లేదు. చంకలో పసిది, పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ వంట. నాకేమో సంతానం కోసం కార్తీకంలో గోదావరి మునకలు వేసి రమ్మని అత్తగారు సెలవిచ్చారు.

"నేనే నువ్వయి వెళతాను," అన్నాను.

"ఆరుగురి పేర్లూ వయసులూ తడుముకోకుండా చెప్పగలవా?"

పడవ సాగినంతసేపూ ఆ పేర్లే జపం చేసుకున్నాను. నాకు తోడొచ్చిన ముసలమ్మగారు భగవన్నామమే అనుకుని చేతులు జోడించింది. స్నానం అయ్యాక ఆవిడను రేవులో దీపాల దగ్గర కూర్చోబెట్టి, మరచెంబు చంకలో పెట్టుకుని ఆస్పత్రికి నడిచాను.

వసారాలో బల్లల నిండా ఆడవాళ్ళు. నర్సమ్మ పుస్తకం తెరిచి, "ఎంతమంది పిల్లలు?" అంది.

"ఆరుగురండి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. అప్పట్లో నేను అరటిబోదెలా నవనవలాడుతూ ఉండేదాన్ని.

"ఆరుగురినీ నువ్వే కన్నావా?"

"దేవుడి దయవల్లండి."

"ఇప్పుడేం కావాలి?"

ముందుకు వంగి ఆవిడ చెవిలో చెప్పాను: "ఇంక వద్దండి."

"మరి ఈ చెంబెందుకు?"

"మందుకండి. ఆరుగురి తరవాత ఆపాలి కదండి, చిన్న సీసా చాలదేమోనని."

నర్సమ్మ నవ్వు ఆపుకుని కలం ముంచింది. "పెనిమిటి పేరు?"

అక్కడ నా నోరు పడిపోయింది. పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా ఇళ్ళలో నమ్మకం. అంతకన్నా పెద్ద చిక్కు, నేను అక్కయ్యనయితే నా పెనిమిటి మా బావగారు అవుతారు. తండ్రివంటి మనిషిని సర్కారు పుస్తకంలో నాకు మొగుడిగా రాయించనా? ఆరుగురు పిల్లల్ని వెనకా ముందూ చూడకుండా అబద్ధమాడి తెచ్చుకున్నదాన్ని, మొగుడి దగ్గరకొచ్చేసరికి ధర్మం గుర్తొచ్చింది. పోనీ మావారి పేరే రాయిద్దామంటే అదీ పలకలేను. ఇలాంటప్పుడు తెలిసిన మనిషి చేత చెప్పించడం మా ఆచారం. చుట్టూ చూశాను. బల్ల చివర పోలమ్మ కనిపించింది. మా దొడ్డిగుమ్మంలోకి చేపలు తెచ్చే పోలమ్మే, వేలికి జెల్లచేప ముల్లు గుచ్చుకుని మందుకొచ్చింది. దేవుడే పంపాడనుకున్నాను.

"పోలమ్మా, మావారి పేరు కాస్త చెబుదూ."

పోలమ్మ గొంతు ఏటి అవతలి ఒడ్డున కూడా చేపలమ్మగలదు. పేరు చెప్పింది. అడక్కుండానే ఊరు చెప్పింది. ఆ పైన, "చిన్నమ్మగారికి ఒంట్లో ఏంటండి?" అనడిగింది.

"ఆరుగురు పిల్లలట. ఇంక వద్దంటోంది," అంది నర్సమ్మ.

"ఆరుగురా? ఎవురికండి? ఈరికి ఒక్క నలుసు కూడా లేదండి. ఆళ్ళత్తగారు మొక్కని దేవుడు లేడండి, ఆయ్. మొన్ననే కోరుకొండ మెట్లన్నీ ఎక్కొచ్చేరు."

జ్వరాలతో వచ్చినవాళ్ళు కూడా జ్వరం మరిచిపోయి నవ్వారు. ఆ నవ్వులకు లోపలినుంచి డాక్టరు దొరసాని వచ్చింది. నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఏడుస్తూ నిజమంతా చెప్పేశాను. ఆవిడ కసరలేదు, ఆ మేలు మరవను. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అంది: "ఈ మందు సర్కారు ఇవ్వదు. ఇవ్వాలని నేను అనుకుంటాను, కాని ఇవ్వదు. ఆ తల్లిని నా దగ్గరకు తీసుకురా. నాకు తెలిసినది ఆమెకు చెబుతాను. భర్తకు కూడా చెబుతాను. కాని నువ్వు కాదు, ఆమె రావాలి."

వచ్చే వారమే తీసుకొస్తానని దండం పెట్టి వచ్చాను.

నాకన్నా ముందు పడవలో పోలమ్మ వెళ్ళింది. నేను ఇల్లు చేరేసరికి మా అరుగు మీద సభ జరుగుతోంది. కరణంగారు అంటున్నారు: "కాలవ నీళ్ళిచ్చారు, తీసుకున్నాం. టీకా అన్నారు, చెయ్యి చాపాం. ఇంక పడకగది తలుపు కూడా సర్కారే వెయ్యాలా ఏంటండి?"

పక్కింటి పెద్దాయన తలెత్తకుండా అన్నాడు: "మా అమ్మాయి నాలుగో కాన్పులో పోయిందండి. అలాటి మందు ఊరికే ఇస్తారంటే నేనే వెళ్ళి నిలబడుదును." అక్కడే ఉన్న మా బావగారు కండువా దులుపుకుని దొడ్డివైపు వెళ్ళిపోయారు.

లోపల అత్తగారు సిద్ధంగా ఉన్నారు. "పిల్లలు కావాలని ఏట్లో మునిగి, గట్టెక్కి వద్దని మందడిగావా? ఇంతకీ దేవుడు ఏ మాట వినాలే?"

తలుపు చాటునుంచి అక్కయ్య నన్నే చూస్తోంది. నిజం చెబితే ఈ తిట్లన్నీ తనకు పడతాయి. నేను నోరు మూసుకున్నాను. త్యాగం చేస్తున్నాననుకున్నాను కూడా. అత్తగారు ఆఖరిమాటగా, "ఇకమీదట ఈ ఇంటి ఆడది ఎవరైనా ఆస్పత్రి గడప తొక్కితే నా మీద ఒట్టే," అన్నారు. ఆ ఒట్టు నా కాళ్ళకు పడలేదు, అక్కయ్య కాళ్ళకు పడింది. ఆస్పత్రిలో అంతమంది ముందూ అబద్ధమాడిన నేను, మంత్రసాని చెప్పిన ఒక్క నిజం మా బావగారి చెవిన వేయలేకపోయాను. బావగారి ఎదుట మాట్లాడకూడదు కదా మరి.

మరుసటేడు అక్కయ్యకు ఏడో కాన్పు. నలభై రోజులు జ్వరం. ప్రాణం నిలిచింది, నిలిపిన ఆ దేవుడికి వెయ్యి దండాలు. కాని ముప్ఫయ్యేళ్ళకే ఆవిడ గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, ఈనాటికీ అంతే.

పురుడు తీరిన రోజున పిలిచి, ఆడపిల్లను నా ఒళ్ళో పెట్టింది. "చెల్లీ, నువ్వు అంతదూరం వెళ్ళి వద్దని చెప్పొచ్చింది దీన్నే. ఇంక నువ్వే పెంచుకో," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ పిల్ల ఇప్పుడు నన్నే అమ్మా అంటుంది. పొద్దున్నే దాని జడ వేస్తూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకోబోతాను. ఇంతలో పక్కగదిలో గోడను తడుముకునే చప్పుడు వినబడుతుంది, సగంలో ఆగిపోతాను.

కనుక నేను ఇష్టదైవం సాక్షిగా, పూర్తి తెలివితో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి బాధనూ నా బాధగా చెప్పుకుని ఏ వసారాలోనూ కూర్చోను. బాధపడేవారినే చెయ్యి పట్టి తీసుకెళతాను. అరుగు మీద ఎందరు మగవాళ్ళున్నా ఉన్నమాట చెబుతాను. సర్కారువారికి ఎప్పటికైనా దయ కలిగి ఆ మందు ఊరికే ఇచ్చే రోజంటూ వస్తే, మా అక్కయ్యలాంటివాళ్ళను ముందు నిలబెట్టి, నేను మాత్రం బయట వాళ్ళ చెప్పులకు కాపలాగా నిలబడతాను.