గుట్కా మరక కింద రావత్తు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు వానకాలంలో, పాత చిత్రాలను, శాసనాలను నమోదు చేసే ఒక ప్రభుత్వ విభాగంలో డాక్యుమెంటేషన్ సహాయకురాలిగా నన్ను కరీంనగర్‌లో నియమించారు. అది ఒప్పంద పోస్టు. కొన్నేళ్లకు దానిని రద్దు చేశారు. రద్దయిన పోస్టుకు వీడ్కోలు పలికే పద్ధతి నిబంధనల్లో లేనందున నాకు పదవీ విరమణ సభే జరిపి, శాలువా కప్పి, శేష జీవితం ప్రశాంతంగా గడపాలని దీవించారు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కనుక విశ్రాంత ఉద్యోగినిగా జ్ఞాపకాలు రాసే అర్హత నాకు ఉన్నదనే భావిస్తున్నాను.

నాకు అప్పగించిన మొదటి పని ఒక గోడ. అది ఉన్న ఊరు పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లిపోయింది; గోడ ఫైలు మాత్రం కరీంనగర్‌లోనే ఉండిపోయింది. ఊరి గ్రంథాలయం గోడ మీద, ఎరువుల ప్రకటనలు రాసే పెయింటరు ఒకరు ఎన్నడో పెద్దలను అడిగి వేసిన, దొర మీద తిరుగుబాటు నాటి బొమ్మ అది. కుడివైపు దొర ఉండే కోటలాంటి గడి, దాని దర్వాజ. మధ్యలో గొడ్డలి ఎత్తిన మనిషి. ఎడమవైపు రోకళ్లు, కొడవళ్లు పట్టిన జనం. కింద నీలిరంగు ఎనామిల్‌తో ఒకే వాక్యం: ‘గడి దర్వాజ పలగ్గొట్టిండ్రు.’

లేదా ‘పలగ్గొట్టిండు.’ తగాదా అంతా అక్కడే. చివరి అక్షరం కింద కొడవలిలా వంగిన గోధుమరంగు మచ్చ ఉంది. అది రావత్తు అయితే దర్వాజ పగలగొట్టింది ఊరంతా. మరక అయితే ఒక్కడే.

ఈ వ్యాకరణం మీద ఒక తలుపు ఆధారపడి ఉంది. గ్రంథాలయం వెనుక కట్టిన సమావేశ మందిరానికి దారి కావాలి. ఆ గోడకే తలుపు పెట్టాలి. జనం ఉన్న ఎడమ భాగాన్ని కొట్టించాలని సర్పంచ్ రాజేశం ప్రతిపాదన. గొడ్డలి మనిషి ఆయన తాత మల్లయ్య. మా సహాయ సంచాలకులు ఫైలు మీద ఇలా రాశారు: ‘వాక్యానికి కర్త ఎవరో తేల్చవలెను. కర్త కానివారిని నేపథ్యంగా పరిగణించవచ్చును.’ నేపథ్యాన్ని కూల్చవచ్చు.

ఆ నేపథ్యంలో ముందు వరుసలో రోకలి పట్టుకున్న స్త్రీ లచ్చవ్వ. ఆమె కూతురు పోశవ్వకు ఎనభై దగ్గర పడ్డాయి. లచ్చవ్వకు ఫోటో లేదు. ఈ లోకంలో ఆమె ముఖం ఉన్నది ఆ గోడ మీదనే.

స్థితి నివేదిక రాసేటప్పుడు కంటికి కనిపించింది మాత్రమే రాయాలి, ఊహ రాయకూడదు. కళాశాలలో డిబేట్లలో పెరిగినదాన్ని కాబట్టి ఇరుపక్షాల వాదనా వింటానని ప్రకటించాను. ఊరు మొత్తం వచ్చింది.

“మేడం, గది రావత్తు గాదు. ఎవడో గుట్కా ఉమ్మిండు,” అన్నాడు రాజేశం. “మా తాత ఒక్కడే పలగ్గొట్టిండు. ఎనుకున్నోళ్లు సూడనీకె వచ్చిండ్రు.”

“ఏందిరా రాజేశం, తమాష సూడవోయేటోళ్లు రోకలి పట్టుకపోతరా?” అంది పోశవ్వ. “గుట్కా ఉమ్మేటోనికి గంత మంచి దస్తూరుంటదా?”

ఎనామిల్ నీళ్లకు కరగదు, గుట్కా కరుగుతుంది. ముందు ఒక మూల ప్రయత్నించి, తర్వాత తడి దూదిని మచ్చ మీద మెల్లగా దొర్లించాను. దూది గోధుమరంగుకు మారింది. రాజేశం పక్షం చప్పట్లు కొట్టింది. దూది తీశాను. కింద నీలి రావత్తు నిగనిగలాడింది. పోశవ్వ పక్షం చప్పట్లు కొట్టింది. ఉమ్మినవాడు సరిగ్గా రావత్తు మీదనే ఉమ్మాడు. ఆ గురి గురించి నివేదికలో రాయలేదు. అది నా పరిధి కాదు.

రాజేశం తగ్గలేదు. “ఉంటే ఉండనీ. గది మా తాతకు మర్యాద. పెద్దమనిషిని ‘కొట్టిండు’ అంటరా? ‘కొట్టిండ్రు’ అనే అంటరు.”

వాదనగా చూస్తే అది గట్టిదే. మా దిక్కు ‘ండ్రు’ పదిమందికీ వాడతారు, గౌరవంగా ఒక్కరికీ వాడతారు. అదీ రాసుకున్నాను.

“మీ తాతకా మర్యాద?” అంది పోశవ్వ. “మీ నాయినమ్మే వాకిట్ల నిలవడి ‘సచ్చినోడు మల్ల తాగొచ్చిండు’ అంటుండె. ఒక్కనాడన్న ‘వచ్చిండ్రు’ అన్నదారా?”

ముందుగా నవ్వింది రాజేశమే.

కర్త బహువచనమని, సాక్ష్యాలతో సహా, నివేదిక పంపాను. అది హైదరాబాద్ వెళ్లి ‘భాషాదోషాలు సవరించడమైనది’ అన్న ముద్రతో తిరిగి వచ్చింది. వాక్యం ఇప్పుడు ‘గడి తలుపు పగులగొట్టారు’ అయింది. సహాయ సంచాలకులు దానిని చదివి, క్రియ చివరి ‘-ఆరు’ గౌరవవాచకం కూడా కనుక కర్త ఒక్కరే కావచ్చునని, జనాన్ని కూల్చవచ్చునని తేల్చారు. మల్లయ్యకు భార్య ఇవ్వని మర్యాదను రాజధాని ఇచ్చింది.

శాసనపాఠాన్ని అక్షరం మార్చకుండా దించాలన్నది మా విభాగం నియమమేనని ఆయనకు గుర్తు చేశాను. వాదనలో నేనే గెలిచానని, ఉత్తర్వు మాత్రం మారదని ఆయన చెప్పారు.

ఉత్తర్వును మళ్లీ చదివాను. అందులో చర్చ అంతా కర్త గురించే. కర్త ఒక్కడైనా పదిమందైనా కర్మ మారదు: దర్వాజ. దానిని కాపాడాలని ఎవరూ కోరలేదు. పైగా పగలగొట్టారనే వాక్యం చెబుతోంది. కాబట్టి కొత్త తలుపును బొమ్మలోని దర్వాజ ఉన్నచోటనే తెరవాలని, అది శాసనపాఠానికి అనుగుణమని నోట్ పెట్టాను. కాదనడానికి సహాయ సంచాలకులకు నిబంధన దొరకలేదు. వెడల్పు సరిపోతుందని ఇంజినీరు రాశారు. తాత గొడ్డలితో సహా నిలుస్తాడు కనుక రాజేశం సంతకం చేశాడు. ఆ దర్వాజ బొమ్మ కూడా పెయింటరు వేసిందే, అది పోయింది. పోయిందని, ఎందుకు పోయిందో కూడా, ఫోటోలతో నివేదికలో నమోదు చేశాను.

గోడ కొట్టిన రోజు పోశవ్వ తల్లి బొమ్మ పక్కనే కూర్చుంది. మేస్త్రీ గడ్డపార దించగానే లేచి, దుమ్ములోంచే అందరికంటే ముందు ఆ కంత దాటింది. అవతల నిలబడి అరిచింది:

“మల్లోపారి పలగ్గొట్టినం!”

“నువ్వేడ కొట్టినవే పెద్దమ్మా,” అన్నాడు రాజేశం. “మేస్త్రి కొట్టిండు.”

“కొట్టినం,” అంది పోశవ్వ.

ఇద్దరి మాటలనూ ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: మన భాషలో కర్తను చెప్పకుండానే చరిత్ర చెప్పవచ్చు, అప్పుడు సాక్ష్యం క్రియ చివరనే మిగులుతుంది. దానిని దిద్దినవారు భాషను కాదు, సాక్షులను దిద్దుతున్నారు. అందుకే శుభ్రం చేయవలసింది మరకను మాత్రమే.