లైబ్రరీలో నేను చెయ్యెత్తిన రోజు

పట్టా చేతికొచ్చేసింది! మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే, గట్టెక్కింది నేనే. ఇంక భయం లేదు, ఆ కొట్లాట సంగతి చెప్పేస్తా.

కువైట్‌లో మా కాలేజీ లైబ్రరీలో ఏడాదికోసారి అందర్నీ కూర్చోబెడతా ఉండ్రి. ఇంటర్నెట్ ఎన్‌సైక్లోపీడియాలో నల్లోళ్ల చరిత్ర చానా తక్కువ ఉందంట, పుస్తకాలు చూసి మనమే రాసి ఎక్కించాల. నాకూ, నా సూడాన్ స్నేహితురాలికీ అమెరికాలో ఒక నల్ల పంతులమ్మ కథ పడింది. పిల్లోళ్లకు చదువు చెప్పిందని తెల్లోళ్ల గుంపు బడి తగలబెట్టి, ఆమెను గుంజకు కట్టేసి చచ్చేదాకా కొట్టినారు. బీరువాల ఎనక మూలన కూర్చొని లావు పుస్తకంలోంచి నేను చదవతా ఉంటే నాకే ఒళ్లు మండిపోయింది. నా స్నేహితురాలు టైపు చేస్తా ఉంది.

అంతలో మా క్లాసులో పెద్దింటి పిల్ల ఒకతి వచ్చింది. వాళ్ల నాయన పేరు చెప్తే మాస్టర్లే లేచి నిలబడతారు.

"లెయ్ అబ్దా! యల్లా, తొందరగా! నేను ప్రింటు తీసుకోవాల" అనింది.

అబ్దా అంటే బానిస. నల్లగా ఉన్నోళ్లను అట్ల తిడతారు ఆడ.

"రాసేది అయిపోనీ" అనింది నా స్నేహితురాలు, తల తిప్పకుండానే.

ఆ పెద్దింటి పిల్ల నా స్నేహితురాలి జుట్టు స్కార్ఫ్‌తో సహా పట్టుకొని ముందుకు తోసింది. మూతి పోయి బల్ల అంచుకు కొట్టుకునింది. పెదవి చీలి కీబోర్డు నిండా నెత్తురు. మళ్లీ జుట్టు పట్టి లాగబోతే, నా చేతిలో పుస్తకం లేచింది. అట్టతో ఆ పెద్దింటి పిల్ల మొగం మీద ఒకటి పెట్టినా. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. ఇంకొకటి కూడా ఇచ్చినా. అది అవసరం లేదు గానీ, ఇచ్చినా.

అప్పుడు గుర్తొచ్చింది. కేసు పడితే ఇఖామా, అంటే ఆడ ఉండే పర్మిట్టు, ఖలాస్; ఆ దేశంలో ఉండనియ్యరు. నా చదువు, మా నాయన బస్సు డ్రైవరు పని, సాల్మియాలో మా అమ్మ వంటపని, అన్నీ వదిలేసి విమానం ఎక్కాల్సిందే.

కేకలు విని జనం చేరినారు. సెక్యూరిటీ ఆయన వచ్చి, "ఎవరు కొట్టింది?" అన్నాడు.

ఆ పిల్ల నా తట్టు చూసింది. అప్పుడే వచ్చిన వాళ్ల జట్టు పిల్లోళ్ల తట్టు చూసింది. ముక్కు అదుముకొని, "ఎవరూ కొట్టలా. కాలు జారి పడినా" అనింది. వంటామె కూతురు చేత దెబ్బలు తిన్నానంటే ఆమె పరువేం గాను!

"మరి నువ్వు?" అన్నాడాయన నా స్నేహితురాల్ని.

"నేనూ జారినా."

"ఇద్దరూనా?"

"నున్నటి బండలు సార్" అన్నా నేను.

ఆయనకు నవ్వొచ్చింది, పోయినాడు. నా స్నేహితురాలు పెదవికి గుడ్డ పెట్టుకొని కడ వరకూ టైపు చేసి ఎక్కించింది. ఇప్పుడు చూసినా ఉంది అది, ఎవరూ తీసెయ్యలా!

రిగ్గైలో మా ఇంటికి పోయి చెప్తే అమ్మ చెంప పగలగొట్టింది.

"కేసయ్యుంటే మన గతేంది మే? నీ చదువేం గావాల?" అని ఇంకొకటి వేసింది. నాయన అడ్డం రాలా.

కాసేపటికి అమ్మే వచ్చి పక్కన కూర్చునింది. మెల్లిగా అడిగింది:

"ఆ పిల్లకు గట్టిగానే తగిలిందా?"

"ముక్కు వాచింది మా."

"సరే. లెయ్, అన్నం తిందువు."