వెండి రేకుకు పూసిన కాటుక

“సూర్యుని మీద గంత పెద్ద మచ్చ లేచిందని నువ్వే అంటివి. బడిపిల్లలకు జర చూపెట్టుమని టీచరమ్మ ఇంటికొచ్చి అడిగితె ఎందుకు వద్దన్నవ్?”

“నా చేతుల మీద నాకు నమ్మకం లేదు నానమ్మా. ఆ రోజు దుర్భిణికి రేకు సరిగ పెట్టలే, నా కన్ను పోయింది. ఇప్పుడు మంది పిల్లల కండ్లు గూడ పోగొట్టాల్నా?”

“ఎప్పటిదో ఇంకా మోస్తవేంది?”

“మోయించింది నువ్వే గద. తొందరపిల్లవని ఏడేండ్ల సంది అంటనే ఉన్నవ్. ఇప్పుడు మరిచిపొమ్మంటె ఎట్ల?”

నిన్న సాయంత్రం నా మనవరాలు ఈ మాట అనేసి గదిలోకి వెళ్లిపోయింది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుండిపోయాను. ఏడేళ్లుగా నేను మోస్తున్నది వేరే ఉంది. నా కొడుక్కి, కోడలికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఆ పిల్ల రేకు సరిగానే పెట్టింది. పాడు చేసింది నేను.

నేను చదివింది మూడో తరగతి. సూర్యుడి మీద మచ్చలుంటాయని ఆ పిల్ల చెప్పేదాకా తెలియదు. అప్పుడది డిగ్రీ చదువుతోంది. మా ఇంటికి ఎదురుగా రెండు అద్దాల ఆఫీసు మేడలు లేచాయి. వాటి సందులోంచి మా మిద్దె మీదికి ఎండ వచ్చేది పది నుంచి పదకొండు దాకానే. ఆ గంటలో అది దుర్భిణి మూతికి, ఎండ కంటికి తగలకుండా ఆపే వెండిలా మెరిసే పలచని రేకు తొడిగి సూర్యుణ్ణి చూసేది. కాగితం మీద గుండ్రం గీసుకొని, మచ్చలు ఎక్కడుంటే అక్కడ పెన్సిలుతో పెట్టేది. రోజుకో కాగితం. ఒక గుంపు ఎడమ అంచున నువ్వుగింజలా మొదలైంది. మర్నాటికి రెండైంది. వారం తిరిగేసరికి నడిమికి వచ్చి, కింద పడి చెదిరిన మినుముల్లా పెరిగింది. మచ్చలు అలా చిక్కుపడితేనే సూర్యుడి మీద మంటలు ఎగదన్నుతాయట. ఆ మంటలు మా దుర్భిణికి కనిపించవు, ఫోనులో వాటి లెక్క చూపించే గీత పైకి లేస్తే తెలుస్తుంది. లేచినప్పుడల్లా కాగితం అంచున టైము రాసేది. “ఇగ ఇది పేలుతది చూడు నానమ్మా” అనేది. నేను విసుక్కునేదాన్ని. కానీ వినేదాన్ని.

రేకు గురించి కూడా చెప్పింది. “దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. సూది మొనంత బొక్క పడ్డా పారెయ్యాలె, లేకుంటె కన్ను పోతది.” ఆ మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. అందుకే తెలియక చేశానని చెప్పుకోలేను.

ఒక రోజు వడియాలు పెట్టడానికి మిద్దె ఎక్కాను. రేకు బల్ల మీద ఉంది. దాని మీద పావురం రెట్ట ఎండిపోయి ఉంది. నా కంటికి అది మాసిన స్టీలు గిన్నెలాగే కనిపించింది. పీచుకు గిన్నెలు తోమే పొడి అద్ది రుద్దాను. రెట్ట పోయింది. గోరంత మేర వెండి కూడా పోయింది. ఎత్తి చూస్తే అందులోంచి ఎదుటి మేడ కిటికీ కనిపించింది.

అప్పుడే చెప్పాలి. ఎందుకు చెప్పలేదు? చిరిగింది కుట్టుకున్నదాన్ని, ఓటుపడ్డ బిందెకు మాట్లు వేయించుకున్నదాన్ని, ఇంట్లో ఒక్క వస్తువు పాడైతే అందరినీ నిలబెట్టి అడిగేదాన్ని. అలాంటి నేను, నా చేత్తో పాడు చేశానని ఆ చిన్నపిల్ల ముందు ఎలా ఒప్పుకోను? లోపలికి వెళ్లి, ఆముదంతో నేనే పట్టిన కాటుక తెచ్చి ఆ చోట పూశాను. నల్లగా కప్పుకుంది. చాలనుకున్నాను.

తొడిగే ముందు అది రోజూ రేకును వెలుతురుకు పట్టి చూసేది. మర్నాడు కూడా చూసే ఉంటుంది. వెలుతురు రాకుండా నేనే మూశాను కదా. ఆ రోజు గుంపు బాగా ముదిరిందని ఎక్కువసేపు చూసింది. ఎండకు కాటుక కరిగి జారి ఉంటుంది. నొప్పేమీ లేదంది. సాయంత్రం పుస్తకం తెరిస్తే, ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే మాయమవుతోందంది. కుడికంటి నడుమ కాలిపోయిందని, ఇక తిరిగి రాదని కంటి దవాఖానలో చెప్పారు.

ఇంటికి రాగానే మిద్దె ఎక్కాను. ఆ రేకును నలిపి చెత్తబండిలో వేశాను. తర్వాత మనవరాలి దగ్గరికి వెళ్లి, “సరిగ పెట్టి ఉండవు, అన్నిటికి తొందరే నీకు” అన్నాను. ఏడుస్తూనే తలూపింది. నానమ్మ అబద్ధం ఆడదని దాని నమ్మకం.

ఆ మచ్చల గుంపు ఇంకో వారానికి కుడి అంచు దాటి అవతలికి పోతుందని అది ముందే చెప్పింది. పోయే ఉంటుంది. దాని కంట్లోది మాత్రం నడిమిలోనే ఉండిపోయింది. ఆ కాగితాలు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చివరిదాంట్లో గుండ్రం ఉంది, మచ్చలు సగమే ఉన్నాయి.

ఏడేళ్లు దాని తొందరను తిట్టింది దాన్ని దిద్దడానికా, నన్ను దాచుకోవడానికా? ఒక కన్నే తీశాననుకుంటూ వచ్చాను. చేతుల మీద దానికున్న నమ్మకం కూడా తీశానని నిన్న సాయంత్రం తెలిసింది.

ఈ రోజు పొద్దున అది రాయదుర్గంలోని ఆఫీసుకు బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే చెప్పేశాను. పీచు, కాటుక, చెత్తబండి. అంత పెద్ద మాట మూడు ముక్కల్లో అయిపోయింది. అది మెడ పక్కకు తిప్పి, మంచి కంటితో నన్ను చూసింది.

“అయితె నేను సరిగనే పెట్టిన్నా?”

“సరిగనే పెట్టినవ్ బిడ్డా.”

ఇంకేమైనా అంటుందని నిలబడ్డాను. అది రెండో చెప్పు తొడుక్కుంది. క్షమించమని నేను అడగలేదు, ఏ మొహంతో అడుగుతాను? ఊపిరి మాత్రం ఏడేళ్ల తర్వాత తిన్నగా ఆడింది. అది మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను కట్టిపెట్టిన టిఫిన్ డబ్బా గట్టు మీదే ఉంది.