తిరగేసిన మోదుగాకు

మా అమ్మను చూసుకోవడానికి మణుగూరు దగ్గరి అడవి పల్లె నుంచి వచ్చిన ఆయా అంటే నాకు ఇప్పటికీ కుళ్లే.

అమ్మకు తొంభై దాటాయి. చేతులు వణికి అన్నం ఒంటిమీద పోసుకుంటుంటే చూడలేక నేనే గబగబా తినిపించి మూతి తుడిచేదాన్ని. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

ఆయా వచ్చిన రెండో రోజే మోదుగాకులు, సన్నటి పుల్లలు తెచ్చి మంచం పక్కన కూర్చుంది. "అవ్వా, విస్తరి గిట్లనేనా కుట్టేది?" అంటూ ఆకును తిరగేసి పెట్టింది.

"గట్ల కాదే పిచ్చిదానా! నున్నటి దిక్కు పైకుండాలె," అంటూ అమ్మ లేచి కూర్చుంది.

ఇక రోజూ అదే తప్పు, అవే తిట్లు. వణికే వేలితోనే అమ్మ చూపించేది. ఆయా నవ్వుతూ తిట్లు తినేది. ఇంత మొద్దు మనిషితో అమ్మకు అన్ని కబుర్లేమిటని నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే వసారాలోకి వెళ్ళాను. ఆయా ఎటో చూస్తూనే చకచకా విస్తర్లు కుడుతోంది. ఒక్క ఆకూ తిరగబడలేదు.

"నీకు వచ్చు కదా!" అన్నాను.

"చిన్నప్పటి సంది వచ్చక్కా. అవ్వ ముంగట మాత్రం రాదు."

ఆమె సెలవు పెట్టిన రోజు నేనూ ఆకులు పట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. ఒకటి తిరగేసి పెట్టి, తిట్టు కోసం ఎదురుచూశాను.

అమ్మ ఆకును చూసింది, నన్ను చూసింది.

"నీకు నేను చెప్పేదేముంది బిడ్డా, నీకన్నీ ఎరికే," అని గోడవైపు తిరిగింది.