రత్నమ్మత్త పోగుచేసిన ఓడ

మా పక్క భవనంలో హాస్టల్ పిల్లలుంటారు. వానాకాలం వచ్చిందంటే వాళ్ళ ఉన్ని దుప్పట్లు వరండా కడ్డీల మీద సగం తడిసి, సగం ఆరి వేలాడుతుంటాయి. ఆ తడి ఉన్ని వాసన మా కోడలికి పడదు. తను కిటికీ మూసేసి పోతే నేను లేచి వెళ్ళి మళ్ళీ తెరుస్తాను. ముసలమ్మకి ఇదేం చాదస్తం అనుకుంటుందేమో, అనుకోనివ్వండి. ఆ వాసన తగిలితే నాకు రత్నమ్మత్త గుర్తొస్తుంది. అమీర్‌పేటలో ఇళ్ళకంటే మామిడి చెట్లూ బండరాళ్ళూ ఎక్కువగా ఉన్న రోజుల్లో మా గుమ్మం ముందు నిలబడి, "పద్మా, ఆ మిషను కట్టిపెట్టు. ఓడ దగ్గరికి పోదాం రా" అని ఆమె పిలిచిన పిలుపు గుర్తొస్తుంది.

హైదరాబాదులో ఓడ ఏమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. మాది నేతపని ఇల్లు. మగ్గం మీద బతుకు గడవక మా ఆయన నన్ను తీసుకుని పట్నం వచ్చి, అమీర్‌పేటలో ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. పక్క ఇల్లు రత్నమ్మత్తది. ఆమెది కాకినాడ వైపు, క్రైస్తవులు. సోమాజిగూడలో ఒక బంగళాలో వంట చేసేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం చర్చి గంటంత. ఆమె భర్త ఆశీర్వాదం మొదటి ప్రపంచయుద్ధంలో ఒక యుద్ధనౌకలో బొగ్గు వేసే పనికి వెళ్ళాడు. నడిసముద్రంలో జ్వరం వచ్చి పోయాడు. గుడ్డలో చుట్టి నీళ్ళలోకి దించేశారట. ఓడ తిరిగొచ్చింది, తోటివాళ్ళూ తిరిగొచ్చారు. ఒకరి వెనక ఒకరుగా వాళ్ళలో కొందరు పని వెతుక్కుంటూ హైదరాబాదు చేరారు. చంటిపిల్లను చంకన వేసుకుని రత్నమ్మత్తా వాళ్ళ వెంటే వచ్చేసింది. ఎన్నడూ ఓడ ఎక్కిన పాపాన పోలేదు గానీ, మాట్లాడితే ఆ తోటివాళ్ళందరినీ కలిపి "మా ఓడ" అనేది.

క్రైస్తవుల్లో ఏటా సమాధుల పండుగ ఒకటుంటుంది. ఆ రోజు ఎవరి వాళ్ళ సమాధుల దగ్గర వాళ్ళు గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. రత్నమ్మత్తకు వెళ్ళి కూర్చోవడానికి సమాధి లేదు. అందుకని సున్నం బకెట్టు పట్టుకుని, దిక్కులేని సమాధులన్నిటికీ తనే వెల్ల వేసేది. "మా ఆయనకు పెట్టాల్సిన సున్నం ఊరందరికీ పంచుతున్నానే" అని నవ్వేది. నవ్వేది గానీ, పండుగ మర్నాడు మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆయనకంటూ ఒక రాయి నిలపాలని ఆమె ఆశ. పాస్టరుగారిని అడిగి అడిగి ప్రాణం తీసింది. మనిషి లేనిదే సమాధి ఎలాగని ఆయన చాలాకాలం నసిగి, చివరికి, ఆశీర్వాదంది అని చెప్పగలిగిన వస్తువు ఒక్కటి తెస్తే దాన్ని పెట్టి రాయి నిలుపుకోవచ్చని మాటిచ్చాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఓడలోని ఆయన సామాన్ల పెట్టె ఇంటికి రానేలేదు. యుద్ధం అయ్యాక సర్కారు వాళ్ళు రాజుగారి బొమ్మ ఉన్న వెండి పతకం ఒకటి పంపారు. మనిషిని తీసుకుని బిళ్ళ పంపుతారా అని ఈమెకు ఒళ్ళు మండింది. తిన్నగా కంసాలి దగ్గరికి వెళ్ళి, దాన్ని కరిగించి కూతురు మేరీకి పట్టీలు చేయించేసింది. ఇప్పుడు ఆయనదంటూ చూపడానికి ఏమీ లేదు. ఇక ఆమె, ఓడలో ఆయనతో ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఆయన చెయ్యి తగిలిన వస్తువు ఏదైనా దొరుకుతుందేమో చూద్దామని బయలుదేరింది.

నన్నెందుకు వెంటబెట్టుకుందో మొదట అర్థం కాలేదు. మగవాళ్ళ సామాన్లన్నీ చివరికి ఆడవాళ్ళ వంటింట్లోనే తేలతాయని, ఆడవాళ్ళ నోరు తెరిపించాలంటే సూదీ దారం ఉండాలని ఆమె సిద్ధాంతం. నేను ఒక మూల కూర్చుని ఆ ఇంటి చిరుగులు కుడుతుంటే, ఈమె మెల్లగా ఓడ సంగతి ఎత్తేది. మొదట పంజాగుట్టలో వీరాస్వామి ఇంటికి వెళ్ళాం. అతనూ బొగ్గు వేసినవాడే. అతని పతకం భార్య యాదమ్మ నడుముకు తాళాలగుత్తిలో వేలాడుతోంది. రాపిడికి రాజుగారి ముక్కు అరిగిపోయింది. ఆశీర్వాదం, వీరాస్వామి కలిసి నీళ్ళు తాగిన పింగాణీ మగ్గు బియ్యం డబ్బాలో ఉంది. పతకం ఇవ్వడానికి యాదమ్మ ఒప్పుకుంది గానీ మగ్గు దగ్గర మొండికేసింది.

"గా బిళ్ళ తీస్కపో అక్కా, నాకేం ఫికర్ లేదు. గీ మగ్గు మాత్రం ఇయ్య. దీంతోని కొలిస్తెనే మా ఇంట్ల బువ్వ సరిపోతది" అంది.

రత్నమ్మత్త వాదించలేదు. ఇంటికి వచ్చి, బియ్యం కొలిచే తన ఇత్తడి సోల పట్టుకెళ్ళి దానికి బదులుగా ఇచ్చింది. ఆ బేరం సాగుతుండగా వీరాస్వామి ఒక మాట చెప్పాడు. ఆశీర్వాదానికి నీళ్ళంటే భయమట. ఓడ ఎక్కిన నాటి నుంచి సముద్రం వైపు తలెత్తి చూడలేదట. పైకి రమ్మంటే, బాయిలరు దగ్గరే తనకు హాయిగా ఉందనేవాడట. రత్నమ్మత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "మా ఇంట్లో బావి దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు. బద్ధకమనుకుని రోజూ తిట్టాను కదయ్యా" అంది. దారంతా అదే తలుచుకుని నవ్వుతూ, మధ్యలో పైటతో కళ్ళు తుడుచుకుంది.

జోసెఫ్ తాత ఇంటికి వెళ్ళిన రోజు జోరువాన. ఆయన ఓడ మీద సైగల జెండాలు ఎగరేసిన మనిషి. వాటిలో ఒకటి తెచ్చుకున్నాడని విన్నాం గానీ, అది ఎక్కడుందో ఆయనకే గుర్తులేదు. చూరు కింద ఆరేసిన బొంత తడిసి వాసన వేస్తోంది. చిరిగిందంటే చేతిలోకి తీసుకున్నాను. పాత చీరల కింద ఏదో గరుకుగా, బరువుగా తగిలింది. కుట్టు విప్పి చూస్తే పసుపూ నీలం ఉన్ని గుడ్డ! మనవలందరూ ఆ జెండా కిందే పెరిగారన్నమాట. ఆశీర్వాదం ఓడలో జోలపాటలు పాడేవాడని, కూతురు పుట్టిందన్న కబురు వచ్చాక మరీ ఎక్కువ పాడేవాడని జోసెఫ్ తాత చెప్పాడు. ఈసారి రత్నమ్మత్త నవ్వలేదు. జెండాను మాత్రం అడిగింది.

అలా ఆ ఏడాది నేను కుట్టిచ్చిన సంచి నిండింది. పతకాలు, మగ్గు, జెండా, ఓడ పేరున్న బొత్తాలు, ఒకరి దగ్గర చెంచా, ఇంకొకరి దగ్గర వంకరపోయిన దీపం. పండుగనాడు ఓడవాళ్ళంతా కుటుంబాలతో వచ్చారు. గుంట తవ్వి ఉంది. పక్కన చాప మీద అన్నీ పరిచారు. పాస్టరుగారు మంచివాడే గానీ పెట్టిన షరతు సడలించే మనిషి కాదు. ఇవన్నీ బతికున్నవాళ్ళవి కదమ్మా, ఆయనది ఏదని నెమ్మదిగా అడిగాడు. మాసబ్ ట్యాంకు నుంచి వచ్చిన మేరీ అప్పుడు చంకలోని పిల్లను కిందికి దించి, దాని కాళ్ళకున్న పట్టీలు విప్పి తల్లి చేతిలో పెట్టింది. అవి ఆ పతకం కరిగించి చేయించినవి, చిన్నప్పుడు తను వేసుకున్నవే. పిల్ల రెండు కాళ్ళూ నేలకేసి కొడుతూ గుక్కపెట్టింది.

రత్నమ్మత్త పట్టీలు పట్టుకుని గుంట అంచున నిలబడింది. ఇన్నేళ్ళ ఆశ తీరడానికి చెయ్యి వదలడమే మిగిలింది. ఆమె కాసేపు గుంటలోకి చూసి, వెనక్కి తిరిగి, పిల్ల దగ్గర చతికిలబడి, ఒక్కో పట్టీ మళ్ళీ కాలికి పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి ఘల్లుమంటూ సమాధుల మధ్యకు పరుగెత్తింది.

"ఆయన్ని ఒకసారి దించేశారు, చాలండి. నడిచేదాన్ని నడవనివ్వండి" అంది.

మరి ఈ గుంటలో ఏం పెట్టమంటావని పాస్టరుగారు అడిగాడు.

"నన్ను పెట్టండి. ఇప్పుడే కాదులెండి, తొందరేం లేదు. రాయి మీద ఆయన పేరు చెక్కించి, కింద నా పేరుకు చోటు వదలండి. ఇన్నాళ్ళు నేను ఎదురుచూశాను. ఇక ఆయన చూస్తాడు."

పాస్టరుగారు నవ్వాపుకోలేకపోయాడు. గుంట పూడ్చి రాయి నిలిపారు. సామాన్లన్నీ ఎవరి ఇళ్ళకు వాళ్ళవి చేరాయి. యాదమ్మ మగ్గు తీసుకుంది, ఇత్తడి సోల మాత్రం తిరిగివ్వలేదు. రెండో యుద్ధం కూడా వచ్చి పోయేదాకా రత్నమ్మత్త ఆ రాయికి తన చేత్తోనే సున్నం వేసుకుంది. తర్వాత మిగిలిన ఓడవాళ్ళే ఆమెను మోసుకెళ్ళి ఆ చోట పడుకోబెట్టారు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది అడగడం. పోయినవాళ్ళు మన ఒక్కరి దగ్గరే పూర్తిగా ఉండరు, నలుగురి దగ్గరా తలా కాస్త ఉంటారు, వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. పరామర్శకు ఏ ఇంటికి వెళ్ళినా నేను అయ్యో అని ఊరుకోను. ఆయన ఏం తినేవాడు, ఎవర్ని ఏడిపించేవాడు అని అడుగుతాను. మా ఆయన పోయిన పదో రోజున, ఆయనతో బీడీలు పంచుకున్న దర్జీ నర్సయ్య వచ్చి కూర్చుంటే అతన్నీ అడిగాను. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన నా కుట్టు బాగుందని ఒక్కనాడూ అనలేదు. వంక పెట్టని రోజే గొప్ప. నర్సయ్య తల గోక్కుని, "ఏం జెప్పాలె వదినా. దోస్తులం కూసున్నమంటే సాలు, అంగీ విప్పి తిరగేసి సూపెడుతుండె. మా ఇంటామె కుట్టు జూడుర్రిరా, లోపల సుత ఎంత సక్కగున్నదో అంటుండె" అన్నాడు.

ఇంటి నిండా చుట్టాలు ఉన్నారు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.