ఒంటి వేడితో మోసే నీళ్లు

లిమ్ ఆంటీ సీసాకు నోరు పెట్టి ఒక గుక్క తాగి, మాధవికి ఇచ్చింది. మాధవి అలవాటు కొద్దీ దాన్ని పైకెత్తి పోసుకోబోయింది. ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని, మాట చివర 'లా' తగిలించే తన యాసలో అంది.

"నో లా! మంచుకొండ మీద ఇలా తాగితే నీళ్లు మెడ మీద ఒలికి గడ్డకడతాయి. నోరు పెట్టు. లేదంటే రేపు రావద్దు."

ఇది కొండల్లేని ఓ చిన్న దీవి దేశంలో, పాసిర్ రిస్ అనే పేటలో ఒక ఫ్లాట్ల మెట్ల మీద జరిగింది. ఐటీ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజులవి. పత్రిక పని మీద వెళ్లిన నేను మాధవి ఇంట్లో దిగాను. మా ఒంగోలు పిల్ల, ప్రోగ్రామరు. మంచుకొండలెక్కేవాళ్లు అక్కడ బరువు సంచులతో ఇలా ఫ్లాట్ల మెట్లెక్కి సాధన చేస్తారని అప్పుడే తెలిసింది. నేపాల్‌లో నీళ్లు గడ్డకట్టకుండా ఇద్దరికి ఒక సీసా చొప్పున కోటు లోపల, ఒంటికి ఆనించి మోస్తారట; ఈసారి మాధవికి జోడీ లిమ్ ఆంటీయే. అంతకుముందు ఏడు సంచిలో పెట్టిన నీళ్లు రాయైపోయి, మాధవి శిఖరం చేరకుండానే వెనక్కి వచ్చింది.

"ఎంగిలి కదా బాబాయ్! మా అమ్మ తాగిన గ్లాసుకే నేను నోరు పెట్టను," అంది, మెట్ల మలుపులో అటూ ఇటూ తిరుగుతూ.

"అయితే మానేస్తావా?"

"మానను!"

ఆంటీ సీసా చాపే ఉంచింది. మేం కిందికి దిగేదాకా మాధవి తాగలేదు; చివరి మెట్టు మీద సీసా అందుకుని, నోరు పెట్టి ఒక గుక్క తాగింది. నేపాల్ విమానం మర్నాడు పొద్దున్నే.