నెట్ జీరో కారుకు డీజిల్ జనరేటర్

శంషాబాద్ సర్వీస్ రోడ్డు మీద, పట్టపగలు, పర్యావరణానికి నేను చేసిన ఘోరం గురించి చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు అటుగా వెళ్లిన క్యాబ్ డ్రైవర్లు మీకంటే ముందే నవ్వేశారు.

అప్పుడు నేను ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో కొత్త మేనేజర్ని. ఏడాది పొడవునా మా గదులు తీసుకుంటామని ఒక కంపెనీ వచ్చింది. ఒకటే షరతు: హోటల్ నెట్ జీరోకి ఎలా చేరుతుందో ప్రణాళిక చూపాలి. అంటే గాలిలోకి వదిలే కర్బనాన్ని వీలైనంత తగ్గించి, మిగిలిన కాస్తనూ గాలిలోంచి వెనక్కి తీసి, లెక్క సున్నా చేయాలి. ఎలా చేస్తారబ్బా అని నాకు ఒకటే కుతూహలం. ఆ కుతూహలంతో నాలుగు విషయాలు తెలుసుకున్నానా? లేదు. ఓనర్‌ని ఒప్పించి ఎలక్ట్రిక్ కారు కొనిపించాను.

ప్రణాళిక చూడటానికి కంపెనీ తరఫున సుజాతగారనే నిపుణురాలు వచ్చే రోజు, డ్రైవర్ యాదగిరన్నతో ఆ కొత్త కారులోనే ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. విమానం ఆలస్యం.

"అన్నా, ఏసీ ఫుల్ పెడితే ఎంత దూరం పోతదంటవ్?"

"నాగ్గూడ గదే చూడాల్నని ఉందక్కా. జర ఆరాంఘర్ దాక పోయొద్దమా?"

పోయాం. అది చాలక పాల్మాకుల వెళ్లి, మా మేనత్త ఇంటిల్లిపాదినీ ఎక్కించి ఊరంతా తిప్పాం. తిరిగొచ్చి సుజాతగారిని ఎక్కించుకున్నాం. సర్వీస్ రోడ్డు మీదకు రాగానే కారు అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకుపోయింది.

"ఏందన్నా, ఆపినవ్?"

"నేనాపలేదక్కా. బ్యాటరీ ఖతం."

హోటల్‌కి ఫోన్ చేసి అరిచాను. "ఏదన్న చేసి కరెంటు పంపుండ్రి!"

పంపారు. పెళ్లిళ్లకు వాడే డీజిల్ జనరేటర్ని డీసీఎం వ్యానులో ఎక్కించి మరీ పంపారు. అది గుడగుడమంటూ ఇటుకబట్టీలా నల్లపొగ చిమ్ముతుంటే, పక్కన వైరు పట్టుకుని నిలబడ్డాను.

సుజాతగారు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"మీ హోటల్ మొత్తం ఎంత కర్బనం వదులుతుందో కొలిచారా అండీ? బాయిలర్, ఏసీలు, లాండ్రీ?"

"లేదు మేడమ్. కారు కొన్నం."

"ముందు కొలవాలండీ. ఎక్కువ ఎక్కడుందో చూసి, అక్కడ తగ్గించాలి. ఏ ఏడాదికి ఎంతో రాసుకోవాలి. తగ్గనిదాని సంగతి ఆఖర్న." ఆమెకు నవ్వు ఆగలేదు. "ఒక్క ఫొటో తీసుకోనా?"

నన్ను మెచ్చుకుంటున్నారనుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వాను.

అన్నీ కొలిచి, కొత్త ప్రణాళిక రాసి ఇచ్చాక కంపెనీ ఒప్పుకుంది. సుజాతగారు మాత్రం ఇప్పటికీ ఏ సంస్థకు పాఠం చెప్పినా మొదట ఆ ఫొటోనే చూపిస్తారట. కింద రాసేది ఒక్క మాట: "ఇలా కాదు."

అందుకే సకల కాలుష్య నియంత్రణ శాఖల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పొగ వెనకాల ఉండగా ఇక జన్మలో ఫొటోకి నవ్వను.